రేకుల షెడ్డు, పాచి బావి

కొడుక్కి కంచం పెట్టమని గురమ్మ అన్నప్పుడు సీతాలు గంజి వారుస్తోంది. మూత జారి వేడి గంజి వేళ్ళ మీద పడింది. ఆ మంట ఆమెకు చాలాసేపటి దాకా తెలియనే లేదు.

"ఆడు ఒచ్చి కూకున్నాడు గదే. ఆకలి మీదున్నాడు. కంచం ఎట్టు," అంది గురమ్మ మళ్ళీ.

అత్త గొంతులో ఏడుపు లేదు, ఆదుర్దా లేదు. వేట నుంచి వచ్చిన కొడుకును చూసి రోజూ అనే మాటే అది. మంచం మీద ఒత్తిగిలి గోడవారకు చూస్తూ అంటోంది. అక్కడ చుట్ట చుట్టి పెట్టిన పాత వల తప్ప ఏమీ లేదు.

సీతాలు కాసేపు ఆ వల వంక చూసింది. తరవాత లేచి, ఇన్నాళ్ళుగా బోర్లించి ఉన్న మొగుడి కంచం తీసి, కడిగి, వల ముందు పెట్టింది.

నూకన్న వేటకు వెళ్ళి నెల దాటింది. అతనూ, పక్కింటి జోగులూ పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ జెట్టీ నుంచి ఇంజను డోంగీలో, చిన్న పడవలో బయలుదేరారు. మర్నాటికి తిరిగి రావలసినవాళ్ళు. ఆ సాయంత్రమే గాలి తిరిగింది, వాన ఎత్తుకుంది. తరవాత ఎందరు ఎన్ని పడవల్లో వెతికినా ఒక నీలం డీజిలు డబ్బా తప్ప ఏమీ దొరకలేదు. అలాంటి డబ్బా ప్రతి డోంగీలోనూ ఉంటుంది.

ఇంజను ఆగిపోయిన డోంగీని ఆ నెలలో గాలి తూర్పుకు, బర్మా వైపు తోసుకుపోతుందని వాళ్ళుండే బతు బస్తీలో అందరికీ తెలుసు. అలా కొట్టుకుపోయి, అక్కడి జైల్లో పడి, ఏళ్ళ తరవాత గడ్డాలతో తిరిగొచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ దిగినవాళ్ళు ఉన్నారు. ఒకాయన తన దినం భోజనాలు అయిపోయిన ఇంటికి నడిచి వచ్చాడు. అందుకే ఇక్కడ సముద్రంలో కనబడకుండా పోయిన మనిషికి కర్మ చెయ్యడానికి ఎవరూ తొందరపడరు. పేటలో పెద్ద ముత్తయిదువలు ఇద్దరు వచ్చి సీతాలు గాజుల సంగతి ఎత్తబోతే గురమ్మ మంచం మీంచే వాళ్ళను ఆపింది. శవం కళ్ళతో చూడకుండా తన కోడలి గాజు ముట్టుకుంటే ఆ చెయ్యి విరిచేస్తానంది. వాళ్ళు మళ్ళీ రాలేదు.

ఆ మాట అన్న మనిషే ఇవాళ ఇలా మాట్లాడుతోంది.

గురమ్మకు ఏడాది మొదట్లో కాళ్ళు వాచాయి. ఆసుపత్రిలో రక్తపోటు ఉందని చెప్పి, ఒంట్లో నీరు లాగే బిళ్ళ రోజుకొకటి వేసుకోమన్నారు. ఉప్పు తగ్గించమన్నారు. బిళ్ళలు అయిపోగానే మళ్ళీ వచ్చి చూపించుకోమన్నారు. వాపు తీసేసింది, ముసలామె కాళ్ళు మళ్ళీ కాళ్ళలా కనబడ్డాయి. బాగయ్యాక ఇంకా ఆసుపత్రి వరసలో నిలబడడం దేనికని అత్తాకోడళ్ళిద్దరూ అనుకున్నారు. బిళ్ళ మాత్రం మానలేదు. ఖాళీ అట్ట చూపిస్తే మందుల కొట్టులో కొత్త అట్ట ఇచ్చేవారు. ఉప్పు తగ్గించమన్నారు కదా అని సీతాలు పూర్తిగానే మానిపించేసింది. అత్తకు విడిగా చప్పిడి వండేది.

గురమ్మ జీవితమంతా చేప కోసి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి అమ్ముకున్న మనిషి. "ఉప్పు బస్తాల మజ్జిన బతికి, ఆకరికి సప్పిడి కూడు తిని పోతానేటే," అని గొణుక్కుంటూనే తినేది. కొడుకు రాకుండా పోయాక ఆ కూడూ మానేసింది. గంజి నీళ్ళు, టీ నీళ్ళు, నోరెండిపోతోందని చెంబులకు చెంబులు మంచినీళ్ళు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే కాలంలో కూడా సీతాలు ఆ నీళ్ళకు అడ్డు చెప్పలేదు. తినమని బలవంతమూ చెయ్యలేదు. తనకే ముద్ద దిగడం లేదు.

తల నొప్పంది గురమ్మ. గోడ పట్టుకుని నడిచింది. తాగిన గంజి రెండు పూటలు కక్కేసింది. కడుపుకోత ఉన్నవాళ్ళకు అవన్నీ మామూలేననుకున్నారు.

కంచం పెట్టించిన రోజు నుంచి ఆమె మనిషి మనిషిలా లేదు. పగలు నిద్ర. పొద్దు వాలేసరికి కళ్ళు పెద్దవి చేసుకుని లేచేది. లేని చేపను చేతుల్లోకి తీసుకుని, చీల్చి, లేని ఉప్పు పట్టించి, దుప్పటి మీద వరసగా పేర్చేది. ఒక్కోసారి ఉన్నట్టుండి తేరుకుని, "కుళాయి ఒచ్చిందేటే? డ్రమ్ము నింపావా?" అని మామూలుగా అడిగేది. సీతాలు సంతోషపడి దగ్గరకు వెళ్ళేలోగా కళ్ళు మళ్ళీ ఎటో వెళ్ళిపోయేవి.

జోగులు పెళ్ళాం అసిరమ్మ చంటిపిల్లను చంకనేసుకుని ఒక సాయంత్రం వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఈ నెలలో ఆమె మొహం మీద ఎముకలు తేలాయి. మంచం పక్కన కూర్చుని గురమ్మ మాటలు వింటూ వింటూ ఒక్కసారి సర్దుకుని కూర్చుంది.

"రేకుల షెడ్డులో పడుకోబెట్టీసినారు," అంటోంది గురమ్మ. "వరస్సగా. వానొస్తే రేకుల మోతకి పక్కోడి మాట ఇనపడదు."

"ఎవుల్ని పెద్దమ్మా?"

"మనోళ్ళనే. అందర్నీ."

"జోగులున్నాడేటి అందులో?"

"ఉన్నాడు. కంబళి కప్పుకున్నాడు."

అసిరమ్మ పిల్లను కింద పడుకోబెట్టి గురమ్మ పాదాల మీద తల పెట్టేసింది. గంగమ్మ తల్లి పలుకుతోందంది. సముద్రం దాచుకున్న బిడ్డ కబురు తల్లి నోటనే చెప్పిస్తుందని, తన నాయనమ్మ అవతలి ఒడ్డున సొంత ఊళ్ళో ఉండగా ఇలాగే చెప్పేదని, రేకుల షెడ్డంటే బర్మా జైలేనని ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది. మర్నాటికి పేటలో సగం మంది ఆడవాళ్ళు నిమ్మకాయలతో వచ్చారు. తల్లి పలికే మనిషికి పాటించవలసినవి పెద్దవాళ్ళు గుర్తు చేశారు. నీచు తగలకూడదు. ఉప్పు తగలకూడదు. మందూ మాకూ ఇస్తే తల్లికి కోపం. వీధి తలుపు మూయకూడదు.

సీతాలు తలూపింది. మందు ఒక్కటే ఆమెను భయపెట్టింది. బిళ్ళ మానేస్తే అత్త కాళ్ళు మళ్ళీ వాచిపోతాయేమోనని, ఎవరూ చూడకుండా రోజూ ఆ బిళ్ళను నలిపి గంజిలో కలిపి తాగించింది. ఇంత గొడవలోనూ అత్త బాగోగులు తను మరవలేదనుకుంది.

లంబాలైన్ నుంచి తాతబ్బాయి వచ్చాడు. గురమ్మ మరిది కొడుకు, ఆఫీసు జీపు డ్రైవరు. గుమ్మంలో నిమ్మకాయలు చూసి చెప్పులు విప్పకుండానే ఆగాడు.

"వదినా, ఇదేటి తమాషా? పెద్దమ్మకి బీమారీ. దేవీ కాదు, ఏటీ కాదు. అస్పతాల్ తీసుకెళ్దాం పద."

ఒక్క రోజు చూద్దామంది సీతాలు. మర్నాడు అతను మనిషితో కబురు పంపితే, ఇంకొక్క రోజు అని తిప్పి పంపింది. ఎందుకలా అంటోందో ఆమెకు తెలుసు. ఆసుపత్రి అనగానే ఆమె కళ్ళ ముందుకు వచ్చేది వల ముందున్న కంచం. పొద్దున్నే "ఆడికి ఎట్టావా?" అని అత్త అడుగుతుంది. "ఎట్టానత్తా," అంటుంది తను. "సేప ముల్లు తీసి ఎట్టు, తొందర మనిషి," అంటుంది అత్త. ఆ కాసేపూ ఇంట్లో ముగ్గురుంటారు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఎప్పుడూ ఉన్నది ఆ ముగ్గురే.

నాలుగో సాయంత్రమో అయిదో సాయంత్రమో, వాన మొదలైంది. గురమ్మ లేచి కూర్చుని బావి సంగతి ఎత్తింది. షెడ్డు వెనకాల బావి. నీళ్ళ మీద పచ్చగా పాచి. పుస్తకం పట్టుకున్న మనిషి ఒకడు పేర్లు పిలుస్తాడు. పిలిచినవాళ్ళు లేచి వెళ్ళాలి. అసిరమ్మ ప్రతి మాటా నోట్లోనే మళ్ళీ అనుకుంటూ, రేపు పడవల సంగతి చూసే ఆఫీసులో దొరగారికి చెప్పాలంటోంది. బావి ఉన్న జైలు ఏదో వాళ్ళకు తెలియకుండా ఉంటుందా అంటోంది.

గురమ్మ గొంతు ఉన్నట్టుండి తగ్గింది.

"పిల్ల ఏడుపు ఆపీసింది," అంది. "కంబళి తియ్యకండి. సలికి పడుకుంది నా పిల్ల."

ఏ పిల్లోనని అసిరమ్మ తన పిల్లను గుండెలకు హత్తుకుంది.

ఆ పిల్ల ఎవరో సీతాలుకు మాత్రం తెలుసు. పెళ్ళయిన మూడో ఏట తన కడుపు పోయినప్పుడు, చేపలు ఆరబెట్టే చాపల మధ్య కూర్చోబెట్టుకుని గురమ్మ ఒక్కసారే చెప్పింది. దేశానికి స్వతంత్రం వచ్చిన కొన్నేళ్ళకు భీమునిపట్నం వైపు నుంచి మొగుడి వెంట ఓడెక్కి వచ్చిందట. ఒళ్ళో తొలిచూలు ఆడపిల్ల. ఓడ దిగినవాళ్ళందరినీ కొన్నాళ్ళు ఒక రేకుల షెడ్డులో ఉంచారు. వెనకాల పాచి పట్టిన బావి. రోజూ ఒకాయన పుస్తకం తెచ్చి పేర్లు పిలిచి, ఎవరు ఏ పనికి, ఏ ఊరికి అన్నది చెప్పేవాడు. దారిలోనే జ్వరం తగిలిన పిల్ల ఆ షెడ్డులో, వాన పడుతుండగా, కంబళి కింద పోయింది. మూడు ఏడుపులు ఏడిచి నాలుగోది ఏడవలేదని చెప్పింది గురమ్మ. ఆ పిల్ల పేరు చెప్పలేదు. తరవాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

బర్మా కాదు. జైలు కాదు. ఆ షెడ్డులో నూకన్న లేడు. నూకన్న అప్పటికి పుట్టనే లేదు.

సీతాలు ఆ సంగతి అసిరమ్మకు చెప్పలేదు. మర్నాడు పొద్దున్న అత్త అడక్కుండానే కంచం కడిగి వల ముందు పెట్టింది. అంతకుముందు పెట్టినవి తెలియక పెట్టినవి. అది తెలిసి పెట్టిన కంచం.

ఆ మధ్యాహ్నం గంజి పట్టుకుని దగ్గరకు వెళితే గురమ్మ గోడకు జరిగిపోయింది. తలగడను రెండు చేతులా ఒళ్ళోకి లాక్కుంది. ఇరవయ్యేళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర బతికిన కోడలిని ఎన్నడూ చూడనట్టు చూసింది.

"అమ్మా, నువ్వెవులివో గానీ నీకు దండం ఎడతాను," అంది. "నా పిల్లని అట్టుకెల్లిపోకండి. ఇంకా ఏడిగా ఉంది. సూడు, ముట్టుకుని సూడు."

సీతాలు గిన్నె కింద పెట్టేసింది. తలగడ ముట్టుకుంది. గురమ్మ ఆమె మొహంలోకి చూస్తోంది, ఒక్క మాట కోసం. వెచ్చగానే ఉందత్తా అంది సీతాలు. గురమ్మ తలగడకు చెంప ఆనించి వణుకుతూ కూర్చుంది.

ఇన్నాళ్ళూ తన మొగుడు రోజూ వచ్చి కూర్చుంటున్నాడనుకుంది సీతాలు. తనకు మొగుడు వస్తున్న ఆ లోకంలో అత్త రోజూ సాయంత్రం బిడ్డను పోగొట్టుకుంటోంది. కంచం కోసం తను ఆమెను ఆ షెడ్డులోనే వదిలేసి కూర్చుంది.

వల ముందున్న కంచం తీసి, అందులో కూడు బయట కోళ్ళకు పారేసి, కంచం కడిగి బోర్లించింది. తరవాత తాతబ్బాయికి కబురు పంపింది.

అతను ఆటో తీసుకొచ్చేసరికి ఆ కబురు అసిరమ్మకూ చేరింది. పిల్లతో వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అక్కా, నీ కాళ్ళట్టుకుంటాను. ఇంకొక్క దినం. ఊరి పేరు సెప్పనీ. ఆళ్ళు సూదేసీసి నోరు మూయించీస్తారు."

"తప్పుకో అసిరమ్మా."

"నీకు మొగుడక్కర్లేదేటి? నాకు కావాల. ఈ గుంటకి బాబు కావాల."

తాతబ్బాయి ఏదో అనబోతే సీతాలు చేత్తో ఆపింది.

"ఆ షెడ్డు బర్మాలో లేదు," అంది. "ఇక్కడిదే. మా అత్త ఓడ దిగినప్పటిది. ఆ పిల్ల ఆవిడ కన్నపిల్ల. నాకు నిన్ననే తెలుసు. తెలిసీ నీకు సెప్పనేదు."

అసిరమ్మ నమ్మలేదు. నువ్వు అబద్ధమాడుతున్నావంది. అంతలో మంచం మీద గురమ్మ ఒళ్ళు బిగుసుకుంది. కళ్ళు పైకి తేలిపోయాయి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. అసిరమ్మ చేతులెత్తి తల్లీ అంటూ పసుపు నీళ్ళకు పరిగెత్తింది. సీతాలు అత్తను పక్కకు తిప్పి పట్టుకుంది. నోటి చివర నెత్తురు. చీర తడిసిపోయింది. పలకడానికి వచ్చిన తల్లి ఇలా నాలుక కొరికించదని, చీరలో పొయ్యించదని ఆమెకు అప్పుడు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. వణుకు ఆగాక తాతబ్బాయి, ఆటో అతనూ కలిసి ముసలామెను ఎత్తుకున్నారు. అసిరమ్మ పసుపు నీళ్ళ చెంబుతో గుమ్మం పక్కన అలాగే ఉండిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ హిందీలో అడుగుతోంది, తాతబ్బాయి తెలుగులోకి చెబుతున్నాడు. ఇలా ఎన్నాళ్ళ నుంచి? అంతకుముందు మతి బాగానే ఉండేదా? జ్వరం ఉందా? ఒంటికి పోసేటప్పుడు మంటందా? విరేచనం అయి ఎన్నాళ్ళయింది? పడిపోయి తలకు దెబ్బ తగిలిందా? నిద్ర మాత్రలేమైనా మింగుతుందా? సీతాలు ఒక్కోదానికి జవాబు చెబుతూ, ఇవన్నీ ఎందుకు అడుగుతున్నారని మెల్లగా తాతబ్బాయిని అడిగింది. ముసలివాళ్ళ మతి ఉన్నట్టుండి చెదిరితే వాటిలో ఏదైనా కారణం కావచ్చునని, ఏదో తెలిస్తే చాలా వరకు నయం చెయ్యవచ్చునని ఆవిడ అందట. చివరికి, వేసుకునే మందులేమిటని అడిగింది. సీతాలు కొంగు ముడి విప్పి బిళ్ళల అట్ట ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రక్తం తీయించింది.

రక్తంలో ఉప్పు బాగా పడిపోయిందన్నారు.

సీతాలుకు అర్థం కాలేదు. తాతబ్బాయి రెండోసారి చెప్పాడు. నీరు లాగే బిళ్ళ నీటితో పాటు ఉప్పునూ లాగేసింది. తిండి లేదు, ఉప్పు లేదు, పైన చెంబులకు చెంబులు నీళ్ళు. ఉప్పు అంత తగ్గితే మెదడు వాస్తుంది. మనుషులను పోల్చుకోలేరు, లేనివి కనబడతాయి, ఆఖరికి ఇలా ఫిట్స్ వస్తాయి. ఇది పిచ్చి కాదు, ముసలితనమూ కాదు. బిళ్ళ ఆపి, ఉప్పును సెలైనులో జాగ్రత్తగా, నెమ్మదిగా ఎక్కిస్తే తేరుకుంటుంది. మొదటి రోజే తెచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఆ చివరి మాట తాతబ్బాయి నేల చూస్తూ చెప్పాడు.

"బిళ్ళ నాను గంజిలో కలిపి పట్టాను," అంది సీతాలు. "రోజూ. ఎవులూ సూడకుండా."

"తెలీక గదా వదినా."

సీతాలు వార్డులో అత్త మంచం పక్కన చాప వేసుకుని కూర్చుంది. చుక్కలు చుక్కలుగా సెలైను దిగుతోంది. కిటికీ అవతల జెట్టీ వైపు నుంచి ఓడ కూత వినబడినప్పుడల్లా తల ఎత్తేది, అలవాటుగా.

గురమ్మ ఒక్కసారి తేరుకోలేదు. ముందు చేపలు కొయ్యడం మానేసింది. తరవాత తలగడను తలగడలా తల కింద పెట్టుకుంది. నర్సును చూసి ఎవరీ మలయాళీ గుంట అని అడిగింది. మరొక పొద్దున్న సీతాలు మొహం తుడుస్తుంటే మణికట్టు పట్టుకుని ఆపింది. గాజులు చూసింది, ఆమె బుగ్గలు చూసింది.

"ఏటే ఇలా సిక్కిపోయావు?" అంది. ఆ కళ్ళు ఆమెవే.

"పడవొచ్చిందేటి?"

ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న లేదు. ఇన్నాళ్ళూ వాడు వచ్చే ఉన్నాడు.

"రానేదత్తా," అంది సీతాలు.

గురమ్మ మెల్లగా చెయ్యి వదిలేసింది. మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆమెకు ఈ సంగతి కొత్తగా మళ్ళీ తెలిసినట్టే అయింది. నయం కావడమంటే ఇదేనని సీతాలుకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా తీసుకొచ్చేదేనేమో. డాక్టరమ్మ వచ్చి, బాగయిందని నవ్వుతూ ముసలామె భుజం తట్టి వెళ్ళింది.

తనేమైనా వాగిందా అని ఇంటికొచ్చే దారిలో అడిగింది గురమ్మ. ఆమెకేమీ గుర్తు లేదు. కంచమూ లేదు, బావీ లేదు.

"ఉప్పు కావాలన్నావు, అంతే," అంది సీతాలు.

"అది మతుండీ అడిగినదే," అంది గురమ్మ. ఆటోలో తాతబ్బాయి ఒక్కడే నవ్వాడు.

రెండు రోజులు అసిరమ్మ ఆ ఇంటి వైపు చూడలేదు. పేట ఆడవాళ్ళు కొందరు సీతాలు ఎదురైతే తల తిప్పుకున్నారు. మూడో రోజు పొద్దున్న గుమ్మం బయట పిల్ల మూలుగు వినబడింది. అసిరమ్మ లోపలికి రాకుండా గడప అవతలే కూర్చుంది.

"పెద్దమ్మా, ఒక్కపాలి సెప్పు," అంది. "రేకుల షెడ్డు, పాచి బావి. అది బర్మాయేనా?"

గురమ్మ మొహం మీద ముందు ఏమీ కనబడలేదు. తరవాత నెమ్మదిగా కోడలి వైపు తిరిగింది. సీతాలు పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ తల ఎత్తలేదు. తన నోట ఏమేమి వచ్చిందో, ఎవరు ఏమేమి విన్నారో ముసలామెకు అప్పుడు అర్థమయింది.

"పిల్ల మాట కూడా అన్నానేటి?" అని అడిగింది.

సీతాలు తలూపింది.

గురమ్మ మంచం దిగి, గోడ పట్టుకోకుండా గడప దాకా నడిచి, అసిరమ్మ ఎదురుగా కూలబడింది.

"అది నా షెడ్డు తల్లీ. నానూ మీ పెద్దయ్యా ఓడ దిగి ఉన్న షెడ్డు. జోగుల్ని నాను సూడనేదు. సూస్తే నీకు సెప్పనా?"

అసిరమ్మ ఏడవలేదు. ఏదో ఎప్పటి నుంచో మోస్తున్నది దించినట్టు గుమ్మానికి వీపు ఆనించింది. పిల్ల ఏడుస్తుంటే పాలు ఇవ్వడం కూడా తోచలేదు. గురమ్మే పిల్లను అందుకుని, తల్లి రొమ్ముకు సర్ది, పిల్ల పాలు తాగేంతసేపూ దాని అరికాలిని తన అరచేతిలో ఉంచుకుంది. వెళ్ళేటప్పుడు అసిరమ్మ సీతాలుతో, కుళాయి వచ్చే వేళయింది, బిందె పెట్టమంటావా అక్కా అని అడిగింది. పెట్టమంది సీతాలు.

మధ్యాహ్నం సీతాలు అత్తకు అన్నం పెట్టింది. డాక్టరమ్మ చెప్పినంత ఉప్పు వేసి చేపల చారు కాచింది. రుచి చూడమని చేతిలో చుక్క వేస్తే గురమ్మ నాకి, బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. రెండు ముద్దలు తిని ఆగింది.

"నూకన్నకో ముద్ద తీసి ఎట్టు," అంది.

భయమో ఆశో విడదీసుకునే వ్యవధి లేకుండానే సీతాలు చూపు గోడవారన వల మీదికి వెళ్ళింది. తరవాత అత్త కళ్ళలోకి చూసింది. అవి స్పష్టంగా, తడిగా, ఇక్కడే ఉన్నాయి.

"వల కాడ కాదే," అంది గురమ్మ. "బయట. గోడ మీద."

శవం చూడకుండా గాజు ముడితే చెయ్యి విరుస్తానన్న మనిషి. ఆ మాట ఆమెకు గుర్తు చెయ్యాలని సీతాలుకు అనిపించింది. బర్మా నుంచి గడ్డాలతో వచ్చినవాళ్ళ పేర్లు చెప్పాలనిపించింది. గురమ్మ కంచం ముందు చెయ్యి కడగకుండా ఎదురుచూస్తోంది.

సీతాలు ముద్ద కలిపింది. చేప ముల్లు తీసింది. పెరట్లోకి వెళ్ళి పిట్టగోడ మీద ఆకు పరిచి ముద్ద పెట్టింది. కొబ్బరి మట్ట మీద కాకి ఒకటి తడిసిన రెక్కలు విదిలించుకుంటోంది. దాన్ని పిలవాలి. కా కా అని పిలవడానికి నోరు తెరిచింది కానీ గొంతు రాలేదు.

లోపల నుంచి గురమ్మ పిలిచింది, గట్టిగా, సీతాలు బదులు. కాకి తల తిప్పి చూసింది.